మాటలేని ప్రార్థన

రాజపాళయమున రాజుల యిండ్లలో నేటికిని తెలుగే పలుకుదురు. గడప దాటి అంగడికి పోయినచో తమిళము. రెండు భాషల నడుమ బ్రదుకు నిట్టి యూరివారికి ఒక సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. మాట చాలనిచోట చేయి మాటాడును. కాని చేతికిని వ్యాకరణము కలదు. ఒక దేశమున మర్యాదయైనది వేరొక దేశమున అమర్యాద కావచ్చును. ఈ సత్యమును కథోలిక సంఘము మన దక్షిణదేశముననే మూడున్నర శతాబ్దములకు పైగా వాదించి నేర్చుకొనినది.

రెండవ వాటికన్ మహాసభకు పూర్వము దివ్యబలిపూజ ఇచట లాటిన్ భాషయందు జరిగెడిది. అందలి ముఖ్యభాగమును గురువు బలిపీఠమువైపు తిరిగి మెల్లగా తనలో తాను చదువుకొనెడివాడు. లాటిన్ ఎరుగని పల్లెవాసి ఆ పూజ నెట్లు గ్రహించెను? కంటితోను మోకాలితోను గ్రహించెను. సువార్త చదువునపుడు లేచి నిలుచుట, పాపమొప్పుకొను ప్రార్థనవేళ ముమ్మారు రొమ్ము తట్టుకొనుట, గురువు అప్పమును పైకెత్తగా గంట మ్రోగినంతనే తలవంచుట, ఇవియే వాని మంత్రములు.

ఇక వ్యాజ్యపు సంగతి. రాజపాళయమునకు ఈశాన్యముననున్న మధురకు 1606లో రాబర్ట్ డి నోబిలి వచ్చెను. అప్పుడచట ప్రభువులు తెలుగు నాయకులు. ఆయన తమిళముతోపాటు తెలుగును సంస్కృతమును నేర్చి, శిఖ, యజ్ఞోపవీతము, గంధము, స్నానము దేశాచారములే గాని మతచిహ్నములు కావని వాదించెను. 1623లో పదునైదవ గ్రెగరి పోపు ఆ వాదము నంగీకరించెను.

తరువాత గాలి తిరిగెను. జ్ఞానస్నానమున గురువు తన ఉమ్మిని వ్రేలితో శిశువు చెవులకును ముక్కునకును తాకించుట రోమను ఆచారము. క్రీస్తు చెవిటివానిని స్వస్థపరచిన తీరునకు అది జ్ఞాపకము. ఉద్దేశము పవిత్రమే. కాని మనకు ఉమ్మి యెంగిలి, ఎంగిలి అపవిత్రము. అందుచే ఇచటి గురువులు దానిని విడిచియుండిరి. పుదుచ్చేరికి వచ్చిన పోపు ప్రతినిధి టూర్నోన్ 1704లో అది విడువరాదని శాసించెను. 1744లో పదునాలుగవ బెనెడిక్టు పోపు ఆ వివాదమును నిషేధము పక్షముననే ముగించెను. ఆ నిషేధములకు లోబడుదుమని మిషనరీలు చేయవలసిన ప్రమాణము 1940 వరకు తొలగలేదు. ఒక అవయవపు చేష్టను అక్షరానువాదము చేసినచో ఎంత చిక్కు కలుగునో ఇందుమూలమున తెలియును.

1963 డిసెంబరులో వాటికన్ మహాసభ ఆరాధనలో ప్రజల చేష్టలకును, నిలుచు కూర్చుండు భంగిమలకును, తగిన వేళల మౌనమునకును స్థానము కలదని ప్రకటించెను. 1969 ఏప్రిలులో భారత బిషప్పులు కోరిన పండ్రెండు మార్పులకు రోము అనుమతి యిచ్చెను. పాదరక్షలు విడిచి నేలపై కూర్చుండవచ్చును. మోకాలు వంచుటకు బదులు చేతులు జోడించి వంగవచ్చును. పూజావస్తువులను ముద్దుపెట్టుకొనుటకు మారుగా చేతితో తాకి కన్నుల కద్దుకొనవచ్చును. నూనెదీపములు, ఆరతి, పంచాంగ ప్రణామము కూడ చేరెను. ఆ యేటి నూతన జ్ఞానస్నాన విధిలో ఉమ్మి ప్రసక్తియే లేదు.

ఇంతటితో వివాదము ముగిసెనా? లేదు. ఇది గుడినుండి తెచ్చుకొనిన యెరువు వేషమని కొందరు కథోలికులే ఆక్షేపించిరి. దళిత క్రైస్తవుల ప్రశ్న మరింత పదునైనది. భారతీయత యన నెవరి భారతీయత? ఏ గుడి గడప తొక్కనీయక తమ పెద్దలను వెలుపల నిలిపిరో, ఆ గుడి హారతియే తమ ఆరాధనకు అలంకారమా? ఈ ప్రశ్నను త్రోసిపుచ్చుట న్యాయము కాదు.

న్యాయవాదిగా నాకు తోచు పరీక్ష యొక్కటే. ఆ చేష్ట భక్తుని యింట ముందే యున్నదా? కాలు తగిలిన పుస్తకమును కన్నుల కద్దుకొనుట అగ్రహారమునను కలదు, పేటయందును కలదు. అట్టిది శాసనము లేకయే నిలుచును. ఇంట లేనిది రోము చెప్పినను, బిషప్పులు చెప్పినను నాటకమే యగును. 1704లో పైనుండి విధించినది తప్పైనచో, 1969లో పైనుండి ఇచ్చినదానిని గూర్చియు ప్రజల నడుగవలసినదే.

మౌనమునకు మాత్రము ఈ తగవు లేదు. పవిత్ర శుక్రవారమున గురువు పాట లేకయే వచ్చి బలిపీఠము నెదుట సాష్టాంగపడును, ప్రజలు మోకరించి యూరకుందురు. ఆ క్షణమున తమిళుడు, తెలుగువాడు, ఏ కులమువాడైనను వేరు గాడు. మాతృభాష పూజలోనికి వచ్చుట గొప్ప లాభమే. ఆ సంతోషమున ప్రతి విరామమును పాటతోను ప్రకటనతోను నింపివేసినచో, అందరికి సమానముగా చెందిన యొక్క భాషను మనమే పోగొట్టుకొందుము.