బండి అమ్మకానికి పెట్టారా? బేరం ఆడకుండానే ఓకే అన్నాడంటే అనుమానించాల్సిందే!

అడవులదీవి (బాపట్ల జిల్లా): పాత బండి అమ్మాలంటే ఒకప్పుడు ఊళ్లో మెకానిక్ చెవిన వేస్తే సరిపోయేది. ఆయనే నలుగురికీ చెప్పి బేరం కుదిర్చేవాడు. ఇప్పుడు ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీసి ఓఎల్ఎక్స్‌లోనో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో పెట్టేస్తున్నారు. నిజాంపట్నం మండలం అడవులదీవి నుంచి పెట్టిన ప్రకటన అయినా సరే.. కాసేపట్లోనే ఎక్కడో వేరే రాష్ట్రంలో కూర్చున్నవాడి కంట పడుతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతోంది.

తీర ప్రాంత మండలాల్లో బండి అంటే సోకు కాదు. తెల్లవారుజామున రొయ్యల చెరువు దగ్గరకు వెళ్లాలన్నా, నిజాంపట్నం హార్బర్‌కు వెళ్లాలన్నా, పనిబడి రేపల్లె వెళ్లి రావాలన్నా అదే ఆధారం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. చేతిలో డబ్బు ఆడని అలాంటి రోజుల్లో బండి అమ్మక తప్పని పరిస్థితి రావచ్చు. అవసరంలో ఉన్నవాడికి తొందర ఉంటుంది. మోసగాడికి కావాల్సింది ఆ తొందరే!

బేరమే అసలు పరీక్ష

నిజంగా బండి కొనాలనుకునేవాడు ఏం చేస్తాడు? ముందు ప్రశ్నలు అడుగుతాడు. ఎన్నో ఓనరు? మైలేజీ ఎంత ఇస్తోంది? ఇంజిన్ పని ఏమైనా చేయించారా? ఇన్సూరెన్స్ ఉందా? ఫైనాన్స్ బాకీ ఉందా? తర్వాత మెకానిక్‌ను వెంటబెట్టుకుని వస్తాడు. స్టార్ట్ చేసి సౌండ్ వింటాడు. టైర్లు అరిగాయంటాడు, రంగు పోయిందంటాడు. చివరికి రెండు మూడు వేలు తగ్గించమని పట్టుబడతాడు. విసుగు తెప్పించినా సరే, అసలైన గిరాకీ లక్షణం అదే.

మోసగాడు ఇవేవీ అడగడు. 40 వేలు అంటే 40 వేలకే సరే అంటాడు. బండి చూడాల్సిన పని లేదు, ఫొటోలు చాలు అంటాడు. అతని మాటలన్నీ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంటాయి. మీకు గూగుల్ పే ఉందా? ఫోన్ పే ఉందా? ఖాతా ఏ బ్యాంకులో ఉంది? ఇప్పుడే అడ్వాన్స్ పంపేస్తా, ప్రకటన తీసేయండి.. ఇదీ వరస. బండి గురించి కాకుండా మీ ఫోన్ గురించి, ఖాతా గురించి ఎక్కువగా అడుగుతున్నాడంటే అతను కొనడానికి రాలేదన్నమాటే.

'డ్యూటీలో ఉన్నా.. రాలేను'

చూడకుండా కొంటానంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. అందుకే మోసగాళ్లు ముందుగానే ఒక కథ సిద్ధం చేసుకుంటారు. దేశవ్యాప్తంగా ఎక్కువగా వినిపించే కథ.. 'ఆర్మీలో పనిచేస్తున్నా, డ్యూటీ వదిలి రాలేను, మా మనిషి వచ్చి బండి తీసుకెళ్తాడు' అనేది. నమ్మించడానికి యూనిఫాంలో ఉన్న ఫొటో, ఆధార్ కార్డు, క్యాంటీన్ కార్డు వాట్సాప్‌లో పంపిస్తారు. అవి వేరేవాళ్ల నుంచి కొట్టేసినవో, మార్ఫింగ్ చేసినవో అయి ఉంటాయి.

ఈ ప్రాంతంలో ఆ మాట మరింత నమ్మేలా ఉంటుంది. బాపట్ల దగ్గర సూర్యలంకలో ఎయిర్ ఫోర్స్ స్టేషన్ ఉంది. 'ఈమధ్యే అక్కడికి బదిలీ మీద వచ్చా, హిందీ తప్ప రాదు' అని ఎవరైనా చెబితే నిజమే కాబోలు అనిపిస్తుంది. అలాంటప్పుడు ఒక్క మాట చాలు. 'సూర్యలంకలోనే కదా ఉంది, సెలవు రోజున వచ్చి బండి చూసుకోండి' అనండి. నిజమైనవాడు వస్తాడు. కాకపోతే అటు నుంచి మళ్లీ ఫోన్ రాదు.

ఓఎల్ఎక్స్ పేరుతో జరిగిన ఇలాంటి మోసాల్లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ ప్రాంతానికి చెందిన ముఠాలను హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు గతంలో అరెస్టు చేశారు. ఫోన్ చేసేవాడికి మీ బండి ఏ కంపెనీదో కూడా పట్టదు. మీ ఖాతాలో ఉన్న డబ్బే అతనికి కావాలి.

క్యూఆర్ కోడ్ వెనుక మర్మం

కథ కుదిరాక వాట్సాప్‌లో ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. 'దీన్ని స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది' అంటారు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. క్యూఆర్ కోడ్‌లో ఉండేది డబ్బు అందుకునేవాడి చిరునామా. దుకాణంలో గోడకు అంటించిన కోడ్‌ను స్కాన్ చేస్తే డబ్బు దుకాణదారుకు ఎలా వెళ్తుందో, మోసగాడు పంపిన కోడ్‌ను స్కాన్ చేస్తే డబ్బు అతనికి అలాగే వెళ్తుంది.

యూపీఐ పిన్ అంటే చెక్కు మీద సంతకం లాంటిది. డబ్బు ఇచ్చేటప్పుడే దాని అవసరం. తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు, ఓటీపీ అంతకన్నా అక్కర్లేదు. మీ ఫోన్ నంబరో, యూపీఐ ఐడీనో ఇస్తే చాలు.

నమ్మకం కలిగించడానికి కొందరు ఇంకో ఎత్తు వేస్తారు. 'ముందు 5 రూపాయలు పంపండి, 10 తిరిగి వస్తుంది' అంటారు. నిజంగానే 10 పంపిస్తారు. ఆ తర్వాత పంపే కోడ్‌లో వేలల్లో మొత్తం ఉంటుంది. పిన్ కొట్టగానే ఖాతా ఖాళీ. 'పొరపాటు జరిగింది, మళ్లీ స్కాన్ చేస్తే రెండూ కలిపి వచ్చేస్తాయి' అని చెప్పి రెండోసారీ లాగేస్తారు.

అవతలివాళ్లే డబ్బు అడుగుతూ పంపే 'కలెక్ట్ రిక్వెస్ట్'ను కూడా మోసగాళ్లు ఇలాగే వాడుకున్నారు. దీంతో వ్యక్తుల మధ్య ఈ సదుపాయాన్ని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2025 అక్టోబర్ 1 నుంచి నిలిపివేసింది. అయితే క్యూఆర్ కోడ్‌లు, లింకులు అలాగే ఉన్నాయి. 'డబ్బు పడటం లేదు, ఈ యాప్ వేసుకోండి, నేను సరిచేస్తా' అంటూ ఎనీడెస్క్ లాంటి యాప్ పెట్టించి, మీ స్క్రీన్ మొత్తం చూసే ముఠాలూ ఉన్నాయి. పరిచయం లేనివాడు చెప్పిన ఏ యాప్‌నూ ఫోన్‌లోకి రానివ్వొద్దు.

'ఎక్కువ పంపేశా.. తిరిగి పంపండి'

మరో రకం.. 4 వేలు అడ్వాన్స్ అడిగితే 40 వేలు పంపేశానంటాడు. వెంటనే మీ ఫోన్‌కు డబ్బు జమ అయినట్టు మెసేజ్ వస్తుంది. కంగారుగా 'ఆసుపత్రిలో కట్టాల్సిన డబ్బు, మిగతాది తిరిగి పంపండి' అని బతిమాలుతాడు. ఆ మెసేజ్ అతను టైప్ చేసి పంపిందే. బ్యాంకు మెసేజ్‌లు మామూలు పదంకెల మొబైల్ నంబరు నుంచి రావు. స్క్రీన్‌షాట్‌నూ, మెసేజ్‌నూ నమ్మొద్దు. బ్యాంకు యాప్‌లోనో, ఏటీఎంలోనో బ్యాలెన్స్ చూశాకే మాట్లాడండి. చెక్కు ఇస్తే అది క్లియర్ అయ్యేదాకా బండి తాళం ఇవ్వకూడదు.

ఇంటికి వచ్చినా జాగ్రత్తే

ఎదురుగా వచ్చినవాళ్లంతా మంచివాళ్లేమీ కాదు. ట్రయల్ చూస్తానని బండెక్కి అటే పారిపోయేవాళ్లు ఉంటారు. ఒంటరి చోటుకు కాకుండా జనం తిరిగే సెంటర్‌కు రమ్మనండి. గుర్తింపు కార్డు చూడండి. ట్రయల్‌కు వెళ్తే మీరో, మీ మనిషో వెనక కూర్చోండి. ఒరిజినల్ ఆర్సీ, రెండో తాళం బండిలో ఉంచొద్దు.

ప్రకటనలో నంబరు ప్లేటు కనిపించే ఫొటో పెట్టకండి. ఆర్సీ, ఆధార్ ఫొటోలు వాట్సాప్‌లో పంపకండి. వాటితోనే మీ బండిని తమదిగా చూపించి ఇంకొకరి దగ్గర అడ్వాన్స్ కొట్టేసే ప్రమాదం ఉంది.

డబ్బు చేతికొచ్చినా పని అయిపోలేదు

డబ్బు ఎవరి ఖాతా నుంచి వచ్చిందో చూసుకోవాలి. కొనేవాడి పేరు ఒకటి, డబ్బు పంపిన ఖాతా పేరు ఇంకొకటి అయితే ఆలోచించాల్సిందే. సైబర్ మోసంలో ఇంకొకరి దగ్గర కొట్టేసిన డబ్బు మీ ఖాతాకు చేరితే, ఆ కేసులో మీ ఖాతా కూడా ఫ్రీజ్ అయ్యే ప్రమాదం ఉంది.

ఇక కాగితాలు. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇచ్చేయడం మన దగ్గర మామూలైపోయింది. అది చాలా ప్రమాదం. మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 50 ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా అమ్మినవాళ్లు రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవాళ్లు 30 రోజుల్లోగా తెలియజేయాలి. ఇందుకు ఫారం 29, ఫారం 30 ఉంటాయి. వేరే రాష్ట్రానికి వెళ్లే బండికి ఎన్ఓసీ కావాలి. పాత గుంటూరు జిల్లా ఏపీ 07 బండైనా, కొత్త ఏపీ 39 బండైనా నియమం ఒకటే.

పేరు మారకపోతే ఏమవుతుంది? చలాన్లు మీ పేరు మీదే వస్తాయి. ప్రమాదం జరిగితే ఇంకా పెద్ద చిక్కు. 2007లో కారు అమ్మేసిన ఓ వ్యక్తి పేరు రికార్డుల్లో అలాగే ఉండిపోయింది. ఆ కారు చేతులు మారి 2009లో ప్రమాదం చేసింది. పరిహారం బాధ్యత రికార్డుల్లో ఓనరుగా ఉన్న ఆ వ్యక్తిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. అందుకే పేరు మారిందో లేదో పరివాహన్ వెబ్‌సైట్‌లో చూసుకునేదాకా అమ్మకం పూర్తయినట్టు కాదు.

మోసపోతే వెంటనే 1930

డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చేయాలి. ఫిర్యాదు నమోదైతే డబ్బు వెళ్లిన బ్యాంకుకు సమాచారం వెళ్తుంది. మోసగాడు డ్రా చేసేలోపు ఆపగలిగితే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. అందుకే ఇక్కడ ప్రతి నిమిషం విలువైనదే. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. పిన్ మీరే కొట్టారు కాబట్టి బ్యాంకు దాన్ని మీ అనుమతితో జరిగిన చెల్లింపుగానే చూస్తుంది. ఆలస్యం చేసి తర్వాత బ్యాంకును అడిగితే పెద్దగా ఫలితం ఉండదు.

మోసగాడు ఏ రాష్ట్రంలో ఉన్నా అడవులదీవి పోలీస్ స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. మా పరిధి కాదని తిప్పి పంపకుండా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేసే వీలు చట్టంలో ఉంది. వాట్సాప్ చాటింగ్, ఫోన్ నంబర్లు, క్యూఆర్ కోడ్, లావాదేవీ నంబరు.. ఏవీ డిలీట్ చేయకూడదు. ఐటీ చట్టం సెక్షన్ 66డి కింద ఇలా వేరేవాళ్లలా నటించి మోసం చేస్తే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు.

మోసపోయామని చెప్పుకోవడానికి చాలామంది సిగ్గుపడుతున్నారు. నలుగురూ నవ్వుతారని ఊరుకుంటే అదే నంబరు నుంచి పక్క ఊరికి ఫోన్ వెళ్తుంది. ఇంట్లో ఎవరైనా బండి అమ్మకానికి పెడుతుంటే ఈ ఒక్క మాట చెవిన వేయండి.. డబ్బు వచ్చేదానికి పిన్ ఉండదు, బండి కొనేవాడు చూడకుండా కొనడు!