పెట్ స్కాన్‌లో వెలగలేదంటే గడ్డ లేనట్టేనా?

క్యాన్సర్ అనుమానంతో మామూలుగా తీసేది ఎఫ్‌డీజీ పెట్ స్కాన్. రేడియోధార్మికత ఉన్న గ్లూకోజ్ లాంటి పదార్థాన్ని నరంలోకి ఎక్కిస్తారు. వేగంగా పెరిగే కణాలు చక్కెరని ఎక్కువగా లాక్కుంటాయి కాబట్టి స్కాన్‌లో వెలుగుతాయి. న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ల దగ్గరే చిక్కు. స్టీవ్ జాబ్స్‌కి పాంక్రియాస్‌లో వచ్చింది ఈ రకమే. ఇవి చాలావరకు నెమ్మదిగా పెరుగుతాయి, చక్కెర మీద అంత ఆకలి ఉండదు.

మా పెదనాన్నకి ఇదే జబ్బు. ఎఫ్‌డీజీలో పెద్దగా ఏమీ వెలగలేదంటే ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. డాక్టర్ మాత్రం ఇంకో పెట్ రాశారు. ‘‘ఒకసారి తీశారుగా, మళ్లీ ఎందుకురా?’’ అని పెదనాన్న నన్నడిగారు. ఇంజినీరంటే అన్నీ తెలుస్తాయని ఆయన నమ్మకం! రెండో స్కాన్‌లో లివర్‌లో రెండు చుక్కలు కనిపించాయి.

ఆ రెండోది గాలియం-68 డోటాటేట్ పెట్. ఈ కణాల మీద సొమాటోస్టాటిన్ అనే హార్మోన్‌ని పట్టుకునే రిసెప్టర్లు ఎక్కువ. ఆ హార్మోన్‌ని పోలిన పదార్థానికి గాలియం తగిలించి పంపితే వెళ్లి అక్కడే అతుక్కుంటుంది. మన భాషలో చెప్పాలంటే ఎఫ్‌డీజీ ట్రాఫిక్ ఎక్కడ ఎక్కువో చూస్తుంది, డోటాటేట్ ఏ పోర్ట్ తెరిచి ఉందో చూస్తుంది.

ఈ ఆలోచన పాతదే. 1994లో అమెరికాలో అనుమతి పొందిన ఆక్ట్రియోస్కాన్ కూడా ఇలాగే పనిచేస్తుంది, ఇండియం-111తో. కాకపోతే ఇంజెక్షన్ ఇచ్చాక 4 గంటలకి ఒకసారి, మర్నాడు ఇంకోసారి ఫొటోలు తీయాలి. చిన్న గడ్డలు తప్పిపోయేవి. 2016లో అక్కడే అనుమతి వచ్చిన గాలియం డోటాటేట్‌కి గంట ఆగితే చాలు, చిత్రమూ చాలా స్పష్టం. గాలియం 68 నిమిషాలకే సగమైపోతుంది మరి.

ఒక జాగ్రత్త. రిపోర్టు బొమ్మలో కిడ్నీలు, ప్లీహం, అడ్రినల్ గ్రంథులు కూడా వెలుగుతాయి. అది మామూలే. గూగుల్ చేసి భయపడకండి.

అలాగని ఎఫ్‌డీజీని పక్కన పెట్టేయలేం. ట్యూమర్ దూకుడుగా మారితే రిసెప్టర్లు తగ్గిపోవచ్చు. అప్పుడు డోటాటేట్ మసకబారి, ఎఫ్‌డీజీ వెలుగుతుంది. అందుకే కొందరికి రెండూ తీస్తారు. పైగా డోటాటేట్‌లో బాగా వెలిగితే చికిత్సకి ఇంకో దారి దొరుకుతుంది. గాలియం బదులు లుటీషియం-177 తగిలించి పంపుతారు. అడ్రస్ అదే, ఈసారి వెళ్లేది ఫొటో తీయడానికి కాదు, కణాన్ని చంపడానికి. పెదనాన్నకి ఇప్పుడు దాని గురించే మాట్లాడుతున్నారు.