చక్కెరకు బదులు తీపి బిళ్లలు: గర్భవతులు ఏమి చేయాలి?

గర్భవతియైన సహోదరి కొరకు ప్రార్థించమని అడుగుతూ, "పాస్టరుగారూ, అమ్మాయికి షుగరు వచ్చిందన్నారండీ" అనే మాట ఈమధ్య మన సంఘాలలో తరచుగా వింటున్నాము. ప్రార్థన ముగిశాక ప్రశ్న వస్తుంది: టీలో చక్కెర మానేసి తీపి బిళ్లలు వేసుకోవచ్చునా? ప్రక్కనున్న బంధువు ఒకరు అందుకొని, "వాటివలన హాని ఉన్నా విటమిన్ ఇ గొట్టాలు మింగితే విరిగిపోతుందట, ఎలుకలమీద తేలిందట" అంటారు. నేను వైద్యుణ్ణి కాను. అయినా ఈ రెండవ మాట విని ఎవరైనా మందుల షాపుకు వెళ్లేలోపు కొన్ని సంగతులు తెలుసుకోవడము మంచిది.

ఈ తీపి బిళ్లలు క్రొత్తవేమీ కావు. సాకరిన్ 1879లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయములో పనిచేస్తున్న ఫాల్‌బెర్గ్ అనే రసాయన శాస్త్రజ్ఞుని చేతికి అంటుకొని, భోజనము దగ్గర తీపిగా తగిలి బయటపడింది. ఆస్పర్టేమ్ 1965లో జేమ్స్ ష్లాటర్ అనే మరొకరు కాగితము తీయడానికి వేలు నాకినప్పుడు దొరికింది. ఇది చక్కెరకంటె సుమారు 200 రెట్లు తీపి. కడుపులోనికి వెళ్లగానే ఇది రెండు ఎమైనో ఆమ్లములుగాను, కొద్దిపాటి మిథనాలుగాను విడిపోతుంది. ఈ మిథనాలు టమాటా రసములో కూడా ఉంటుంది గనుక పేరు విని హడలిపోనక్కరలేదు. అయితే అది మితిమీరితే కాలేయములో ఫార్మిక్ ఆమ్లముగా మారి హాని చేస్తుంది. పరిశోధకుల అనుమానమంతా ఇక్కడే.

పొయ్యి మండేటప్పుడు నిప్పురవ్వలు ఎగిరినట్లు, శరీరము ఆహారమును శక్తిగా మార్చుకొనేటప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన కణములు పుడతాయి. వీటిని ఆర్పే నీళ్లవంటివి విటమిన్ సి, విటమిన్ ఇ, శరీరము తానే తయారు చేసుకొనే గ్లుటాథియోన్. వీటినే యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. రవ్వలు ఎక్కువై నీళ్లు తక్కువైతే కణములు దెబ్బతింటాయి. మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకలకు కిలో బరువుకు 75 మిల్లీగ్రాముల ఆస్పర్టేమ్‌ను 90 దినములు ఇచ్చి చూశారు. వాటి మెదడులో గ్లుటాథియోన్ తగ్గిందని 2012లో ప్రకటించారు. ఎలుక మనకంటె త్వరగా ఫార్మిక్ ఆమ్లమును వదిలించుకోగలదు. అందుచేత వారు ముందుగా మందు ఇచ్చి, ఆ ఎలుకలలో ఫోలేట్ తగ్గించారు. ఈ వివరము పుకార్లలో ఎక్కడా వినబడదు!

చూలు ఎలుకల మీద కూడా ఇలాంటి ప్రయోగములు జరిగాయి. ఒక గుంపుకు నీళ్లు మాత్రమే, ఒక గుంపుకు తీపి పదార్థము, మరొక గుంపుకు తీపితోపాటు యాంటీ ఆక్సిడెంటు ఇస్తారు. దానియేలు తానూ తన స్నేహితులూ పది దినములు శాకాహారము తిని, రాజు భోజనము తిన్నవారితో తమ ముఖములను పోల్చి చూడమన్న పద్ధతే ఇది. ఎలుక గర్భము మోసేది సుమారు మూడు వారములే గనుక ఫలితము త్వరగా తెలుస్తుంది. ఎక్కువ మోతాదు తీపి ఇచ్చిన కొన్ని ప్రయోగములలో తల్లి కాలేయము, పిల్లల కాలేయము దెబ్బతిన్నట్లు, యాంటీ ఆక్సిడెంటు కూడా ఇచ్చినచోట ఆ దెబ్బ కొంత తగ్గినట్లు కనిపించింది. పూర్తిగా పోయిందని కాదు.

మరి మన సహోదరి విటమిన్ గొట్టాలు మింగవచ్చును గదా? 2006లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనము దీనికి జవాబు. బ్రిటన్‌లో గుర్రపువాతపు ప్రమాదమున్న 2400 మందికి పైగా గర్భవతులలో కొందరికి ప్రతిదినము 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. మిగతావారికి ఉత్త మాత్రలు. గుర్రపువాతము తగ్గలేదు. పైగా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలు విటమిన్లు తీసుకున్నవారిలో నూటికి 28 మంది, ఉత్త మాత్రలవారిలో 24 మంది. ఎలుకల బోనులో మేలుగా కనబడిన విటమిను, పెద్ద మోతాదులో తల్లి కడుపులోని బిడ్డకు మేలు చేయలేదు. తెలియని హానికి విరుగుడుగా దానిని మనంతట మనమే మింగడము నా దృష్టిలో బొత్తిగా సాహసము.

ఇంకొక సంగతి. ఎలుకల గర్భములో ఇదే ఆక్సీకరణ దెబ్బను చక్కెర కూడా చేస్తుంది! స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయములో 1990లలో మధుమేహము కలిగిన ఎలుకల మీద జరిగిన పరిశోధనలు ఇదే చూపాయి: రక్తములో చక్కెర పెరిగితే పిల్లలు అంగవైకల్యముతో పుట్టడము ఎక్కువైంది. కాబట్టి బిళ్లలకు భయపడి మళ్లీ రెండు చెంచాల చక్కెర వేసుకొనే తల్లి, పులిని తప్పించుకొని ఎలుగుబంటికి ఎదురుపడినట్లే.

బిళ్లల విషయములో కొలత ఉన్నది. ఆస్పర్టేమ్‌కు నిపుణులు పెట్టిన పరిమితి దినమునకు కిలో బరువుకు 40 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల స్త్రీకి 2400. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ దీనిని "బహుశా క్యాన్సరు కారకము కావచ్చు" అనే వర్గములో చేర్చినా, ఈ పరిమితిని మార్చలేదు. సాకరిన్ మాయను దాటి బిడ్డను చేరుతుంది గనుక గర్భవతులు దానిని మానుకోవడము మేలని చాలామంది వైద్యుల సలహా. ఫెనైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవారు ఆస్పర్టేమ్ ముట్టనే కూడదు.

మానోహ భార్యకు దూత గర్భకాలములో త్రాగకూడనివి, తినకూడనివి చెప్పాడు, అంతే. విరుగుడు మందేదీ చెప్పలేదు. టీలో తీపి కొంచెము కొంచెముగా తగ్గించుకుంటే రెండు మూడు వారములలో నాలుక అలవాటు పడుతుంది. విటమిన్ సి కావాలంటే జామకాయ, ఉసిరికాయ ఉన్నాయి, విటమిన్ ఇ గుప్పెడు వేరుశెనగలలో ఉన్నది. జామకాయ కూడా ఎంత తినవచ్చునో షుగరు ఉన్నవారు అడిగి తెలుసుకోవాలి. ఆసుపత్రిలో ఇచ్చే ఫోలిక్ ఆసిడ్, ఐరన్ మాత్రలు వేరు. ఈ వ్యాసము చదివి వాటిని మానవద్దు. ఈసారి పరీక్షకు వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న తీపి బిళ్లల డబ్బా కూడా సంచిలో వేసుకొని వెళ్లండి. అందులో ఉన్నది ఏదో, దినమునకు ఎన్ని వేసుకోవచ్చునో డాక్టరమ్మగారు చూసి చెబుతారు.