జకాత్ సొమ్ముకూ మనకూ మధ్య ఎవరు?

జకాత్, సదఖా ఇప్పుడు చాలామంది ఫోన్‌లోనే పంపుతున్నారు. వైఫై సెట్టింగుల్లో 'ప్రాక్సీ' అని ఒకటుంటుంది. అక్కడ వేరొకరి చిరునామా ఉంటే బ్రౌజర్ పంపేదంతా ఆ మనిషి కంప్యూటర్ మీదుగా వెళ్తుంది. సైటు హెచ్‌టీటీపీఎస్‌ది అయితే అది సీలు వేసిన కవరు. ఎక్కడికి వెళ్తోందో తెలుస్తుంది గాని లోపలిది చదవలేడు. అందుకే తన 'సర్టిఫికెట్' మన ఫోన్‌లో వేయించాలని చూస్తాడు. వేశామా, కవరు విప్పి చదివి, తన సీలు వేసి పంపుతాడు. తాళం గుర్తు మామూలుగానే కనిపిస్తుంది. 2016 నాటి ఆండ్రాయిడ్ 7 నుంచి చాలా యాప్‌లు ఇలాంటి సర్టిఫికెట్లను నమ్మవు; క్రోమ్ బ్రౌజర్ నమ్ముతుంది. కనుక ఉచిత వైఫై ఇస్తామన్నా తెలియనివారి సర్టిఫికెట్ వేయకండి. మీరు పెట్టని ప్రాక్సీ ఉంటే తీసేయండి. సొమ్ము పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. పేదల హక్కు మన చేతిలో అమానత్, దారిలో పోనివ్వకూడదు.