పది మందీ పెంచిన స్టాక్‌ఫిష్

చదరంగం ఇంజిన్ కొనేటప్పుడు ఒకప్పుడు జనం ఒక్కటే అడిగేవారు: ఏది గట్టిగా ఆడుతుంది? ఇప్పుడా ప్రశ్నతో పెద్దగా పనిలేదు. ఫోన్‌లో ఉచితంగా దొరికే స్టాక్‌ఫిష్ ప్రపంచ చాంపియన్‌నైనా ఓడించగలదు.

2004లో నార్వే దేశస్థుడు టోర్డ్ రోమ్‌స్టాడ్ గ్లౌరుంగ్ అనే ఇంజిన్ విడుదల చేశాడు. బహిరంగంగా ఉన్న దాని కోడ్‌ను 2008లో ఇటలీకి చెందిన మార్కో కోస్టాల్బా అందుకుని, మెరుగుపెట్టి, స్టాక్‌ఫిష్ అన్నాడు. దాని జాతకం మారింది మాత్రం 2013లో, గేరీ లిన్‌స్కాట్ పెట్టిన ఫిష్‌టెస్ట్‌తో.

ఆ పరీక్షా వ్యవస్థ ఇలా నడుస్తుంది: ఎవరో ఒకరు కోడ్‌లో చిన్న మార్పు సూచిస్తారు. పాత ఇంజిన్‌కూ కొత్తదానికీ వేల ఆటలు పెడతారు. అవి నడిచేది దేశదేశాల వాలంటీర్ల కంప్యూటర్లలో. ఒక్కో పక్షానికి పది సెకన్లు, ఎత్తుకు సెకనులో పదో వంతు అదనం. నెగ్గితే నిమిషం గడియారంతో మరో పరీక్ష. సూచించినవాడు ఎంత ఘనుడైనా సరే, లెక్క తేలకపోతే మార్పు బుట్టదాఖలే.

2017లో డీప్‌మైండ్ వారి న్యూరల్ నెట్‌వర్క్ ఇంజిన్ ఆల్ఫాజీరో స్టాక్‌ఫిష్‌తో ఆడిన 100 ఆటల్లో 28 గెలిచి, ఒక్కటీ ఓడలేదు. ఎత్తుకు నిమిషమని కట్టడి చేసి ఆడించారు. నాకది సరైన పోటీ అనిపించలేదు. అయినా న్యూరల్ నెట్‌వర్క్ సత్తా అందరికీ తెలిసొచ్చింది. చిక్కల్లా, దానికి ఖరీదైన హార్డ్‌వేర్ కావాలి. ఆ చిక్కు విప్పింది జపాన్ చదరంగం షోగీ. 2018లో యూ నాసు దానికోసం రూపొందించిన ఎన్ఎన్‌యూఈ అనే నెట్‌వర్క్ కిటుకు ఇది: ఎత్తుకు కదిలేవి ఒకటి రెండు పావులే గనుక, చాలావరకు మారిన మేరకే లెక్క సరిచేసుకుంటుంది. మామూలు ప్రాసెసర్ చాలు. 2020లో అది స్టాక్‌ఫిష్ 12లోకి వచ్చింది.

ఇక ఎంపిక సంగతి. ఇంజిన్‌కు సొంత బోర్డు ఉండదు, లెక్కించి చెప్పడమే దాని పని. బోర్డు, పాత ఆటల నిల్వ, వ్యాఖ్యలు రాసుకునే చోటు ఇచ్చేది వేరే ప్రోగ్రామ్. డబ్బు పెడితే దానికే పెట్టాలి. మూడు నాలుగు ఎత్తులను పక్కపక్కన బేరీజు వేసి చూపే సదుపాయం అందులో తప్పనిసరి. మొదటి ఎత్తుకు ఇంజిన్ వేసిన అంచనా +1.20, రెండోదానికి −0.80 ఉంటే అది కత్తిమీద సామే. మూడూ దాదాపు సమానమైతే మనకు అర్థమైనదే ఆడుకోవచ్చు. ఆ అంకెనూ చాలామంది తప్పుగా చదువుతారు. 2022లో వచ్చిన 15.1 నుంచి +1.00 కొలత బంటును బట్టి లేదు. సమ ఉజ్జీ మీద స్టాక్‌ఫిష్‌కు గెలిచే అవకాశం యాభై శాతమని దాని అర్థం. పక్కవీధి కుర్రాడితో మనం ఆడే ఆటకు ఆ లెక్క వర్తించదు.

సాధనకు ప్రత్యర్థిగా మాత్రం నేను స్టాక్‌ఫిష్‌ను ఎంచుకోను. బలం తగ్గించి పెడితే పది ఎత్తులు గ్రాండ్‌మాస్టర్‌లా ఆడి, ఉన్నట్టుండి గుర్రాన్ని ఊరికే వదిలేస్తుంది. మనుషులు అలా ఓడరు. అందుకు మైయా అనే ఇంజిన్ నయం. లిచెస్ వెబ్‌సైట్‌లో జనం ఆడిన ఆటలతో దానికి శిక్షణ ఇచ్చారు. 1100 నుంచి 1900 రేటింగ్ దాకా ఒక్కో స్థాయికి ఒక్కో నమూనా ఉంది. ఆ స్థాయి మనిషి ఏ ఎత్తు వేస్తాడో, తప్పయినా సరే, అదే వేయాలని చూస్తుంది.