తలకు ఒకవైపే నొప్పి వస్తోందా? అన్నీ మైగ్రేన్ కాదు.. ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు!

‘ఎండకు పోయొచ్చిన.. నెత్తి ఒక పక్క నొస్తుంది, ఒక గోలి ఇయ్యి’. ఎండాకాలంలో నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు మెడికల్ షాపుల్లో వినిపించే మాట ఇది. గోలితో అప్పటికి నొప్పి తగ్గొచ్చు. కానీ ఒకవైపు తలనొప్పికి చాలా కారణాలు ఉంటాయి. కొన్నింటిని అశ్రద్ధ చేస్తే కంటిచూపే పోయే ప్రమాదం ఉంది. అవేంటో చూద్దాం.

మైగ్రేన్: ఎక్కువ మందిలో కనిపించేది ఇదే. పార్శ్వపు నొప్పి అని కూడా అంటారు. మందు వేసుకోకపోతే 4 నుంచి 72 గంటల వరకు ఉంటుంది. తల దడదడా కొట్టుకున్నట్టు అనిపిస్తుంది. వికారం, వాంతులు వస్తాయి. వెలుతురు, శబ్దం భరించలేరు. ఆడవాళ్లలో ఎక్కువ. ఎండ, నిద్ర లేకపోవడం, టైమ్‌కి తినకపోవడం, నీళ్లు తక్కువ తాగడంతో నొప్పి మొదలవ్వొచ్చు.

క్లస్టర్ తలనొప్పి: ఒక కన్ను చుట్టూ పొడిచినట్టు తీవ్రమైన నొప్పి వస్తుంది. 15 నిమిషాల నుంచి 3 గంటలు ఉంటుంది. అదే వైపు కన్ను ఎర్రబడి నీళ్లు కారతాయి, ముక్కు మూసుకుపోతుంది. దీనికి మామూలు గోలీలు పెద్దగా పనిచేయవు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెడితే చాలామందికి తగ్గుతుంది.

మెడ, పళ్లు, సైనస్: మెడ కీళ్ల సమస్య, పుచ్చిన పన్ను, సైనస్ ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా ఒకవైపే నొప్పి రావొచ్చు.

50 ఏళ్లు దాటాయా?: ఈ వయసులో కొత్తగా కణత దగ్గర నొప్పి మొదలైతే జాగ్రత్త. దువ్వుకుంటే తల నొస్తున్నా, నమిలితే దవడ లాగుతున్నా, చూపు మసకబారినా కణత రక్తనాళం వాచి ఉండొచ్చు. దీన్ని జెయింట్ సెల్ ఆర్టెరైటిస్ అంటారు. ఇది అరుదే. కానీ పోయిన చూపు మళ్లీ రావడం కష్టం. అందుకే డాక్టర్లు ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయించి, వెంటనే స్టెరాయిడ్లు మొదలుపెడతారు.

గోలీలే కారణమైతే?: మామూలు నొప్పి గోలీలు నెలలో 15 రోజులు, అంతకంటే ఎక్కువగా, మూడు నెలలకు మించి వాడితే ఆ మందుల వల్లే తలనొప్పి రావొచ్చు. ఇంకో గోలి వేస్తే అది ఇంకా ముదురుతుంది.

వెంటనే 108కి ఫోన్ చేయాల్సిన లక్షణాలు: ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు తలనొప్పి, మూతి వంకర పోవడం, చెయ్యి, కాలు పడిపోవడం, మాట తడబడటం, జ్వరంతో మెడ పట్టేయడం, తలకు దెబ్బ తగిలాక నొప్పి పెరగడం. నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులు ఉన్నాయి.

నొప్పి తరచూ వస్తుంటే ఏ రోజు, ఎంతసేపు వచ్చింది, ఎన్ని గోలీలు వేసుకున్నారో రాసిపెట్టుకోండి. డాక్టర్‌కు అది చూపిస్తే కారణం తొందరగా దొరుకుతుంది.