గంటా నిమిషం గుర్తున్న తలనొప్పి

పేరాలలో మందుల షాపు పెట్టుకున్నవాడికి రోజూ ఎక్కువగా వినపడే మాట, "అన్నా, తలనొప్పికి రెండు బిళ్లలివ్వు". మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దస్తమానం పోగుల మీద చూపు నిలిపే ఊరు మాది. కళ్లు లాగడం, మెడ పట్టెయ్యడం, పార్శ్వనొప్పి ఇక్కడ మామూలే. బిళ్ల తీసే ముందు నేను అడిగేది ఒకటే: "ఎప్పుడు మొదలైంది?"

"నిన్నట్నుంచి", "పొద్దున లేచిన దగ్గర్నుంచి" అనే జవాబులకు నాకు పెద్ద కంగారు ఉండదు. ఒకసారి కొడుకు బండి మీద తీసుకొచ్చిన ఒక అక్క మాత్రం, "బిందె ఎత్తి చంకన పెట్టుకోబోతున్నా, సరిగ్గా అప్పుడే" అంది. వెనకనుంచి ఎవరో కొట్టారనుకుని తిరిగి చూసిందట. అప్పటికే రెండు వాంతులయ్యాయి. మెడ వంచలేకపోతోంది, వెలుతురు చూడలేక కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. నేను బిళ్ల ఇవ్వలేదు. వాళ్లబ్బాయి చేత 108కి ఫోన్ చేయించాను.

నా భయం ఎందుకంటే, కొందరికి మెదడు అడుగున రక్తనాళాలు కొమ్మలుగా చీలే చోట గోడ బలహీనపడి, సైకిల్ ట్యూబు మీద బుడిపె లేచినట్టు ఉబ్బుతుంది. డాక్టర్లు దాన్ని ఎన్యూరిజం అంటారు. పెద్దవాళ్లలో నూటికి ముగ్గురి దాకా ఇది ఉంటుందని అంచనా. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు, బతికినంతకాలం పగలదు కూడా. కాబట్టి ఇది చదివి అందరూ స్కానింగుకు పరుగెత్తక్కర్లేదు. పగిలిందంటే మాత్రం రక్తం మెదడు పొరల మధ్య చిమ్ముతుంది. అలాంటివాళ్లలో సుమారు మూడో వంతు మంది దక్కరు. నొప్పి ఎంతుందని అడిగితే ఎవరైనా "తల పగిలిపోతోంది" అనే అంటారు. ఎంతసేపట్లో ముదిరిందని అడిగితేనే తేడా తెలుస్తుంది. ఉబ్బు పగిలిన నొప్పి నిమిషం తిరక్కుండా తారస్థాయికి పోతుంది.

కొందరికి పగలడానికి కొన్ని రోజుల ముందే కాస్త రక్తం ఊరి, ఇలాంటి నొప్పే వచ్చి తగ్గిపోతుంది. తగ్గింది కదా అని ఊరుకుంటారు. ఇంకొందరికి ఉబ్బు పెరిగి కంటి నరాన్ని నొక్కుతుంది. ఒక కంటి రెప్ప వాలిపోతుంది, ఆ కంటిపాప పెద్దదవుతుంది, ఒకటి రెండుగా కనపడుతుంది. దిష్టి తీయించి కూర్చునే జబ్బు కాదది.

పరీక్షల్లో మొదటిది సిటి స్కాన్. నొప్పి మొదలైన ఆరు గంటల్లోపు తీస్తే, కారిన రక్తం దాదాపు తప్పకుండా తెల్లగా కనిపిస్తుంది. రోజులు గడిచేకొద్దీ అది కరిగిపోయి, రిపోర్టు నార్మల్ అని వచ్చే అవకాశం పెరుగుతుంది. అనుమానం తీరకపోతే వెన్నులోంచి నీరు తీసి చూస్తారు. మావాళ్లు ఇక్కడే మొరాయిస్తారు, నడుం పడిపోతుందని భయం. సూది గుచ్చేది వెన్నుపాము ముగిసిన చోటుకు కిందనే కాబట్టి ఆ భయం అక్కర్లేదు. ఆ తర్వాత ఉబ్బు ఎక్కడుందో చూడడానికి యాంజియోగ్రామ్. తొడ మొదట్లోంచో మణికట్టులోంచో సన్నటి గొట్టం పంపి, రంగు మందు ఎక్కించి తీస్తారు. మెదడు నాళాలకు రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీయడం 1927లో పోర్చుగల్ డాక్టర్ ఎగాస్ మోనిజ్ మొదలుపెట్టాడు. వైద్యానికొస్తే, 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ తల తెరిచి ఉబ్బు మెడకు క్లిప్ వేశాడు. తల తెరవకుండా ఉబ్బు లోపల ప్లాటినం తీగచుట్టలు నింపే పద్ధతి 1990ల్లో వచ్చింది.

ఆ అక్కకు గుంటూరులో తీగచుట్టలే పెట్టారు. ఇంటికొచ్చాక నిమోడిపిన్ బిళ్లలకు చీటీ నా దగ్గరికే వచ్చింది. నాలుగు గంటలకోసారి, 21 రోజులు. అర్ధరాత్రి కూడా లేపి వెయ్యాలి. రక్తం కారిన తర్వాత రెండు వారాల దాకా నాళాలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంటుంది కనుక ఈ జాగ్రత్త.

మున్సిపాలిటీ పన్ను కట్టబోమని 1921లో ఊరే ఖాళీ చేసి రామ్‌నగర్‌లో పాకలేసుకున్న చీరాల-పేరాల వాళ్ల మనవలం. బీపీ బిళ్ల రోజూ వేసుకోమంటే అంత తేలిగ్గా వింటామా! నెల వేసుకుని, "తగ్గింది" అని మానేస్తారు. ఉబ్బు పగలడానికి బీపీ, పొగ పెద్ద కారణాలు. ఆడవాళ్లలో ఇది కొంచెం ఎక్కువ. తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఇద్దరికి ఈ జబ్బు వచ్చినా, కిడ్నీల నిండా నీటితిత్తులు ఏర్పడే జబ్బు వంశంలో ఉన్నా, ముందుగా ఎంఆర్ యాంజియోగ్రామ్ తీయించుకోవాలా అని డాక్టర్ని అడగండి.

ఉన్నట్టుండి అలాంటి నొప్పి వస్తే యాస్పిరిన్, డైక్లోఫినాక్ మింగించకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు వెంట పెట్టుకోండి. నొప్పి మొదలైన టైము చీటీ మీద రాసి డాక్టర్ చేతిలో పెట్టండి.